మీకు తెలుసా? చలికి లేవని బండి, ఎండలోనే పోయిన బ్యాటరీ

చలికాలం పొద్దున సెల్ఫ్ కొడితే 'టిక్' అని ఊరుకునే బ్యాటరీల్లో చాలావాటికి దెబ్బ తగిలింది డిసెంబరులో కాదు, అంతకుముందు మే నెలలో. మీకు తెలుసా?

నిజామాబాద్ జిల్లా ఏర్గట్ల దిక్కు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగే రోజులుంటాయి. పైన గోదావరి, చుట్టూ తడి పొలాలు. పొగమంచు కమ్మిన పొద్దున తాడ్‌పాకల్ దారిలో ముందు పోయే బండి కూడా కానరాదు. ట్రాక్టర్‌తో పని ఎక్కువ పడేదీ సరిగ్గా అప్పుడే. సంక్రాంతి దాటితే పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తోలడం. బోధన్ దిక్కు చెరకు కోతలు. అలాంటి పొద్దున బండి మొరాయిస్తే మెకానిక్‌కు పోయే ఫోన్ ఒకటే: "సలికి బిగుసుకపోయిందన్నా, షురూ అయితలేదు."

ఇంజిన్ బిగుసుకుపోయేంత చలి మన జిల్లాలో లేదు. ఇంజిన్ ఆయిల్ డబ్బా మీద 15డబ్ల్యు-40 అని రాసి ఉంటుంది చూడండి. ఆ మొదటి అంకె చలికాలపు లెక్క. 15 రకం ఆయిల్ మైనస్ 20 డిగ్రీల దాకా ఇంజిన్‌ను తిరగనిస్తుంది, 20 రకమైతే మైనస్ 15 దాకా. మన పది డిగ్రీలు దానికి చలే కాదు. కాబట్టి నేరం చలి మీద మోపే ముందు బ్యాటరీని ఒకసారి విచారించాలి.

ఎండ చేసిన పని

బ్యాటరీలో సీసం పలకలు, వాటి మధ్య యాసిడ్ కలిపిన నీళ్లు ఉంటాయి. వేడి పెరిగితే లోపలి రసాయన చర్య జోరందుకుంటుంది, పలకలు తొందరగా తుప్పు తింటాయి, నీళ్లు ఆవిరవుతాయి. పాతిక డిగ్రీలు దాటాక ప్రతి 8-10 డిగ్రీలకు బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ల లెక్క. నిజామాబాద్ వేసవి 45 డిగ్రీలు దాటుతుంది. బానెట్ కింద అంతకంటే ఎక్కువే. అలాంటి రెండు మూడు వేసవులు చూసిన బ్యాటరీ సగం చచ్చే ఉంటుంది.

అయినా అది వేసవిలో బయటపడదు. వేడికి రసాయన చర్య చురుగ్గా ఉంటుంది, ఆయిల్ పల్చగా ఉంటుంది, ఇంజిన్ సులువుగా తిరుగుతుంది. చలి రాగానే రెండు వైపులా లెక్క తప్పుతుంది. బ్యాటరీ ఇచ్చే కరెంటు తగ్గుతుంది, చిక్కబడ్డ ఆయిల్‌లో ఇంజిన్‌ను తిప్పడానికి కావలసిన కరెంటు పెరుగుతుంది. 27 డిగ్రీల దగ్గర నిండు బలంతో ఉన్న బ్యాటరీ సున్నా దగ్గర మూడో వంతు బలం పోగొట్టుకుంటుంది, మైనస్ 18 దగ్గర సగానికి పైగా. మన పది డిగ్రీలకు తగ్గేది కొంచెమే. గట్టి బ్యాటరీ ఆ కొంచెం తగ్గుదలను లెక్కచేయదు, అంచున ఉన్నదే పడిపోతుంది.

ఈ సంగతి గల్ఫ్‌లో డ్రైవరు పని చేసి వచ్చినవాళ్లను అడగండి. ఏర్గట్ల, మోర్తాడ్, కమ్మర్‌పల్లి వాడల్లో అలాంటివాళ్లు దొరకని వీధి ఉండదు. దుబాయ్‌లోనో దోహాలోనో బ్యాటరీ రెండేళ్లు వస్తే గొప్ప అంటారు వాళ్లు. అక్కడ మంచు పేరే లేదు, బ్యాటరీలను తినేది ఎండ. అదే ఇంటి పిల్లలు ఇప్పుడు చదువులకూ ఉద్యోగాలకూ అమెరికాలోని మిన్నెసోటా, కెనడాలోని ఎడ్మంటన్ లాంటి చోట్లకు పోతున్నారు. వాళ్లు బ్యాటరీ కొనేటప్పుడు చూసే అంకె వేరే. మైనస్ 18 డిగ్రీల దగ్గర, ముప్పై సెకన్ల పాటు, వోల్టేజి 7.2కు తగ్గకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది ఆ అంకె. చలి దేశాల్లో బ్యాటరీ మీద దాన్నే పెద్ద అక్షరాలతో అచ్చేస్తారు. మన దగ్గర కొనేవాళ్లు ఎన్ని నెలల వారంటీ అనే అడుగుతారు. మన వాతావరణానికి ఆ ప్రశ్నే సరైనది.

బ్యాటరీ సంగతి తేల్చుకోవడానికి కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ చాలు. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి పొద్దున తాళం తిప్పకముందే చూడాలి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12కు దిగువన ఉంటే ఆ పొద్దున మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. లేదంటే తప్పు బ్యాటరీది కాదు, డైనమోది. కొత్త బ్యాటరీ కొనుక్కుని, నెల తిరక్కముందే మళ్లీ మొదటికి వచ్చేవాళ్లలో చాలామంది ఈ రెండో కొలత చూడనివాళ్లే.

లైన్లో నిలబడ్డ రాత్రి

బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ 1937లో పుట్టింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు మోసింది. 2015 డిసెంబరులో, క్రషింగ్ జరగాల్సిన కాలంలోనే, దానికి తాళం పడింది. ఆ చుట్టుపక్కల ఇంకా చెరకు వేసేవాళ్లు దూరపు ఫ్యాక్టరీలకు తోలుకుపోవాలి, గేటు ముందు వంతు కోసం చలిలో కాపు కాయాలి. ఇంజిన్ ఆపి, లైట్లు వేసి, పాటలు పెట్టుకుని కూర్చుంటే ఏమవుతుందో లెక్క చూడండి. 60 వాట్ల హెడ్‌లైట్లు రెండు కలిస్తే పది ఆంపియర్లు లాగుతాయి. 80 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నాలుగు గంటల్లో సగం ఖాళీ. తెల్లారుజామున వంతు వచ్చి సెల్ఫ్ కొడితే లేవదు. వెనుక లైన్లో ఉన్నవాళ్లు "సలి బాగున్నదన్నా" అని ఓదారుస్తారు. చలి ఆ రాత్రి చేసింది చాలా తక్కువ.

లైట్లన్నీ ఒక్కసారే ఎందుకు వెలుగుతాయి?

తాళం తిప్పగానే మీటర్ బోర్డు మీద ఎర్రవి, పసుపువి అన్నీ వెలుగుతాయి. కొన్ని రెండు మూడు సెకన్లలో ఆరిపోతాయి, ఆయిల్, బ్యాటరీ లైట్ల లాంటివి ఇంజిన్ లేచాక ఆరతాయి. అది భయపెట్టడానికి కాదు. లైట్లు పనిచేస్తున్నాయని బండి తనకు తాను చేసుకునే తనిఖీ. ఆ క్షణంలో వెలగని లైటే అసలు ప్రమాదం. ఆయిల్ లైటు బల్బు పోయినా, ఇంజిన్ దగ్గర వైరు ఊడినా తాళం తిప్పినప్పుడు అది వెలగదు. రేపు ఆయిల్ నిజంగానే అడుగంటినా వెలగదు. పాత బండి కొనేటప్పుడు చాలామంది రంగు, టైర్లు, సీటు కవర్లు చూస్తారు. మొదట ఈ మూడు సెకన్లు చూడాలి. లోపం దాచడానికి లైటు వైరే పీకేసి అమ్మే మహానుభావులు ఉన్నారు.

చలి పొద్దున జరిగే వింత ఇంకొకటి. సెల్ఫ్ కొట్టినప్పుడు బలహీనమైన బ్యాటరీ వోల్టేజి బాగా జారిపోతుంది. ఏబీఎస్, పవర్ స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్లకు అది చాలదు. అవి ఒక్కొక్కటిగా తికమకపడి లోపం నమోదు చేసుకుంటాయి. బండి లేచాక చూస్తే బోర్డంతా దీపావళి. యజమాని గుండె జారి షోరూముకు పరుగెడతాడు. అన్ని లైట్లు ఒకేసారి వెలిగాయంటే అన్ని భాగాలూ ఒకేసారి చెడిపోయాయని కాదు. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న కరెంటు దగ్గర మొదలుపెట్టి చూడాలి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి, వదులైన క్లాంపు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ వైరు: సగం కేసులు వీటి దగ్గరే తేలిపోతాయి. వేడినీళ్లు పోసి కడిగి, ఆరబెట్టి, బిగించి, కొంచెం వ్యాజిలిన్ రాస్తే ఖర్చు పది రూపాయలు కూడా కాదు.

రంగుల లెక్క ప్రపంచమంతటా ఒకటే. ఈ గుర్తులకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాని పేరు ఐఎస్ఓ 2575. ఎరుపు వెలిగితే బండి ఆపు. పసుపు వెలిగితే నడుపు, కానీ తొందరలో చూపించు. పచ్చ, నీలం రంగులు ఏదో పనిచేస్తోందని చెప్పే కబుర్లు మాత్రమే. ఇంజిన్ బొమ్మ పసుపు రంగులో నిలకడగా వెలిగితే ఊరు చేరవచ్చు. అదే కొట్టుకుంటూ వెలిగితే సిలిండర్‌లో మంట సరిగా అందడం లేదని అర్థం. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని ఖరీదైన కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. వేగం తగ్గించి పక్కకు ఆపాలి.

ఎర్రటి బ్యాటరీ బొమ్మ గురించి ఒక్క మాట. అది బ్యాటరీ బలహీనంగా ఉందని చెప్పదు. బ్యాటరీకి చార్జింగ్ అందడం లేదని చెబుతుంది. బెల్టు తెగినా వెలుగుతుంది. కొన్ని ఇంజిన్లలో అదే బెల్టు నీళ్ల పంపును కూడా తిప్పుతుంది కాబట్టి, 'ఇంటికి పోయి చూసుకుందాం' అనుకుంటే దారిలోనే ఇంజిన్ కాగిపోతుంది.

ఎర్రటి నూనె డబ్బా

ఆయిల్ లైటు ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, ఆయిల్‌కు ఒత్తిడి ఉందా లేదా చెబుతుంది. ఈ తేడా తెలియక పోయిన ఇంజిన్లు ఎన్నో. ఆయిల్ కొంచెం తగ్గితే ఆ లైటు నోరు విప్పదు. పంపు గాలి పీల్చే దాకా తగ్గాకే వెలుగుతుంది, అప్పటికి క్రాంక్ బేరింగులు ఎండిపోతూ ఉంటాయి. ఎంత ఉందో చెప్పేది డిప్‌స్టిక్ ఒక్కటే.

చలి పొద్దున బండి లేచాక ఈ లైటు ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా ఆరవచ్చు. చిక్కటి ఆయిల్ అడుగు నుంచి పైదాకా ఎక్కడానికి ఆ మాత్రం టైము పడుతుంది. ఐదు సెకన్లు దాటినా ఆరకపోతే ఇంజిన్ ఆపేయాలి. రేజ్ ఇస్తే ఆరిపోతుందిలే అని యాక్సిలరేటర్ తొక్కేవాళ్లున్నారు. ఆయిల్ అందని లోహాన్ని లోహం మీద మరింత జోరుగా రుద్దడమే అది. ట్రాక్టర్లకైతే అది మన రైతుకు పాత అలవాటు: లేవగానే పొగ గొట్టం మీది రేకు ఎగిరిపడేలా రేజ్ కొట్టడం. టర్బో ఉన్న కొత్త ట్రాక్టర్లకు ఇది మరీ చేటు. ఆ టర్బో ఇరుసు నిమిషానికి వేల చుట్లు తిరిగేది సన్నటి ఆయిల్ పొర మీదే.

మెలికల తీగ ఆరేదాకా

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదహారు పదిహేడు రెట్లు అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. చల్లటి సిలిండర్ గోడలు ఆ వేడిని లాగేసుకుంటాయి. అందుకే డీజిల్ కార్లలో, జీపుల్లో హీటర్ ప్లగ్గులు పెడతారు. వాటి మొన క్షణాల్లో ఎనిమిది వందల డిగ్రీలు దాటి ఎర్రగా కాలుతుంది. బోర్డు మీద మెలికలు తిరిగిన తీగ బొమ్మ పసుపు రంగులో వెలిగేది అప్పుడే. అది ఆరాక సెల్ఫ్ కొట్టాలి. ఒకసారి ఆరినా లేవకపోతే తాళం ఆపి మళ్లీ తిప్పి, ఇంకోసారి కాగనివ్వాలి. వెంటవెంటనే సెల్ఫ్ కొడితే బ్యాటరీ దిగిపోవడం తప్ప లాభం లేదు. ఒక్కసారికి పది సెకన్లు మించకుండా కొట్టి, అర నిమిషం విరామం ఇవ్వండి. సెల్ఫ్ మోటారుకూ ఒంట్లో వేడి పుడుతుంది.

నేరుగా సిలిండర్‌లోకి డీజిల్ చల్లే ఇంజిన్లున్న ట్రాక్టర్లలో చాలావాటికి ఈ ప్లగ్గులే ఉండవు. మన చలికి అవి లేకుండానే లేస్తాయి. లేవకపోతే అనుమానించాల్సింది ఎయిర్‌ను. డీజిల్ పైపు జాయింటు ఎక్కడో వదులై ఉంటే రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకుకు వెనక్కి జారుతుంది, ఆ ఖాళీలో గాలి చేరుతుంది. "ఎయిర్ పట్టింది" అని మెకానిక్ అనేది ఇదే. పగటి పూట నాలుగుసార్లు ఆపి లేపినా లేచే బండి రాత్రి గడిచాకే మొరాయిస్తుంది కాబట్టి నింద చలి మీద పడుతుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయేదాకా డీజిల్ వదిలితే పని అయిపోతుంది. ఆ తరువాత వదులు జాయింటు వెతకాలి. చాలామంది ఆ రెండో పని చేయరు, మర్నాడు మళ్లీ పంపు కొడతారు.

లేచాక మొదటి నిమిషం తెల్ల పొగ వస్తే కంగారు లేదు. అది సరిగా కాలని డీజిల్, కొంత నీటి ఆవిరి. ఇంజిన్ వేడెక్కాక కూడా ఆగకుండా తెల్ల పొగ వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ ఉంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి. చలిలో త్వరగా లేవడానికి గాలి గొట్టంలో ఈథర్ స్ప్రే కొట్టమని వీడియోల్లో చెబుతుంటారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌లో అది చేస్తే లోపలే పేలి పిస్టన్లు పగలవచ్చు. మన ఊళ్లలో ఆ డబ్బా కొనే అవసరమే రాదు.

ట్యాంకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలిలో తేమ ఉంటుంది. రాత్రి చలికి ఆ తేమ లోపలి గోడల మీద చెమ్మగా పట్టి, నీళ్లయి డీజిల్ కిందికి చేరుతుంది. సీజన్ అయిపోగానే ట్రాక్టర్‌ను అడుగు డీజిల్‌తో కొట్టంలో నిలబెట్టే బదులు ట్యాంకు నింపి పెడితే ఈ బెడద తగ్గుతుంది. కొత్త బండ్లలో ఫిల్టరు బొమ్మ కింద నీటి చుక్కలున్న పసుపు లైటు చెప్పేది దీన్నే.

బాల్కొండ మీదుగా శ్రీనగర్ దాకా

ఏర్గట్ల వాళ్లు బాల్కొండకో ఆర్మూరుకో పోతే తగిలే 44వ నంబరు జాతీయ రహదారి కన్యాకుమారి నుంచి శ్రీనగర్ దాకా మూడు వేల ఏడు వందల కిలోమీటర్ల పైచిలుకు. అంటే మన దగ్గర డీజిల్ పోయించుకున్న లారీ అదే రోడ్డు పట్టుకుని మంచు కురిసే చోటికి చేరుతుంది. ఇంజిన్‌ను నిజంగా ఆపేసే చలి అక్కడ ఎదురవుతుంది.

డీజిల్‌లో మైనం కలిసి ఉంటుంది. వేడిగా ఉన్నంతసేపు కనపడదు. చల్లబడితే మొదట డీజిల్ మసకబారుతుంది, తరువాత మైనం పలుకులు ఫిల్టరుకు అడ్డం పడతాయి, చివరికి డీజిల్ కారడమే మానేస్తుంది. అందుకే మన దేశపు ప్రమాణాల్లో డీజిల్‌కు చలికాలానికి ఒక హద్దు, వేసవికి ఇంకో హద్దు. అది కారడం ఆగే ఉష్ణోగ్రత వేసవిలో 15 డిగ్రీల దాకా ఉండవచ్చు, చలికాలంలో 3 డిగ్రీలు దాటకూడదు. మన ప్రాంతానికి 3 డిగ్రీల హద్దు సరిపోతుంది. శ్రీనగర్ దాటి లద్దాఖ్‌లోని లేహ్‌లో రాత్రి మైనస్ 15, మైనస్ 20కి పోతే ఎలా?

చాలా ఏళ్లు లద్దాఖ్‌లో డీజిల్‌లో కిరోసిన్ కలిపి, ట్యాంకు కింద మంట పెట్టి నెట్టుకొచ్చారు. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ లద్దాఖ్ కోసం ప్రత్యేకంగా చలికాలపు డీజిల్ మొదలుపెట్టింది. పానిపట్ రిఫైనరీలో తయారయ్యే ఆ డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఉత్తరాదికి చలికాలంలో లోడు తోలే మన డ్రైవర్లు తెలుసుకోవాల్సిన కిటుకు ఇదే: కింది మైదానాల డీజిల్‌తో ట్యాంకు నింపుకుని పోవద్దు. కొండ ఎక్కే ముందు ట్యాంకు ఖాళీ అయ్యేలా లెక్క వేసుకుని, అక్కడి డీజిల్ అక్కడే పోయించుకోవాలి.

బీఎస్-6 లారీల్లో డీజిల్‌తో పాటు పోసే యూరియా నీళ్లకూ ఒక గడ్డకట్టే హద్దు ఉంది, మైనస్ 11 డిగ్రీలు. ఆ ట్యాంకుకు లోపలే హీటరు పెట్టి ఉంటుంది. యూరియా తగ్గిందని లైటు వెలిగితే కంగారుపడి అందులో మామూలు నీళ్లు కలిపారంటే ఆ సిస్టమ్ మొత్తం మార్చుకోవాల్సి రావచ్చు.

అలాంటి చోట్ల రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోసి వదిలితే పొద్దునకు ఇంజిన్ బ్లాకు పగులుతుంది. నీళ్లు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకు ఇనుము ఆగదు. నీళ్లు సగం, కూలెంట్ సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. మన దగ్గర మంచు లేదు కదా, కూలెంట్ దండగ అంటారా? అది తుప్పు పట్టనివ్వదు, మరిగే హద్దును పెంచుతుంది. బోరు నీళ్లలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుని, ఏప్రిల్ ఎండలో ఎర్ర థర్మామీటర్ బొమ్మ వెలిగినప్పుడు ఆ ఆదా చేసిన డబ్బు సంగతి తెలుస్తుంది.

కెనడా, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో మనవాళ్లు కార్లను రాత్రి కరెంటు ప్లగ్గుకు తగిలించి పెట్టడం చూసి, అవన్నీ ఎలక్ట్రిక్ కార్లే అనుకుంటారు ఇక్కడి నుంచి చూడబోయిన తల్లిదండ్రులు. చాలావరకు అవి పెట్రోలు కార్లే. ఇంజిన్‌లో కూలెంట్‌ను గోరువెచ్చగా ఉంచే హీటరు వైరు అది. సైబీరియాలోని యాకుత్స్క్‌లో ఇంకా విడ్డూరం. మైనస్ 40, 50 చలిలో ఆపితే మళ్లీ లేవదని కొందరు ఇంజిన్ ఆపకుండానే గంటల తరబడి వదిలేస్తారు.

ఎలక్ట్రిక్ బండ్లకూ చలి బాధ ఉంది. అమెరికాలోని ఏఏఏ అనే వాహనదారుల సంస్థ 2019లో పరీక్షించి చూస్తే, మైనస్ 7 డిగ్రీల దగ్గర క్యాబిన్ హీటరు వేసుకుని నడిపినప్పుడు ఒక్క చార్జింగుతో పోయే దూరం సగటున 41 శాతం తగ్గింది. అందులో పెద్ద వాటా హీటరుదే. మన దగ్గర స్కూటరుకు హీటరు ఉండదు, చలీ అంత ఉండదు. జనవరిలో నాలుగైదు కిలోమీటర్లు తగ్గితే బ్యాటరీ పోయిందని ఎవరో అంటే నమ్మకండి.

టైరు లైటు మధ్యాహ్నానికి ఆరిపోతే

కొత్త కార్లలో గుర్రపు నాడా ఆకారంలో, మధ్యన ఆశ్చర్యార్థకంతో ఒక పసుపు లైటుంటుంది. పొద్దున వెలుగుతుంది, మధ్యాహ్నానికి దానంతట అదే ఆరిపోతుంది. దెయ్యం పట్టలేదు. గాలి చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది, సుమారు ఐదున్నర డిగ్రీలకు ఒక పీఎస్ఐ. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో 33 కొట్టించిన టైరు, తెల్లవారుజామున పది డిగ్రీలకు 30 దగ్గరికి వస్తుంది. అప్పటికే కొంచెం తక్కువున్న టైరైతే హద్దు దాటి లైటు వెలుగుతుంది. గాలి ఎప్పుడూ చల్లటి టైరుకే కొట్టించాలి. నైట్రోజన్ నింపితే ఇలా కాదని బంకులో చెబుతారు. నైట్రోజన్ కూడా వాయువే, దానికీ ఇదే సూత్రం. అసలు మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్.

ఇక నీలం రంగు థర్మామీటర్. కొన్ని మారుతి, హోండా కార్లలో లేవగానే వెలుగుతుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉంది, తొందరపెట్టకు అని చెప్పి రెండు మూడు నిమిషాల్లో ఆరిపోతుంది. పది కిలోమీటర్లు పోయినా ఆరకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందని అర్థం. కొందరు మెకానిక్‌లు వేసవిలో ఇంజిన్ కాగకుండా అని థర్మోస్టాట్‌నే పీకి పారేస్తారు. దాని ఫలితం చలికాలంలో ఇలా కనపడుతుంది. మైలేజీ పడిపోయే సంగతి ఆ మెకానిక్ చెప్పడు.

వంచితే లేచే స్కూటర్

బజాజ్ చేతక్‌ను పక్కకు వంచి, ఒక నిమిషం ఆగి, కిక్ కొట్టిన తరం ఇంకా మన మధ్య ఉంది. అది మూఢనమ్మకం కాదు. చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు. వంచితే కార్బురేటర్‌లోకి పెట్రోలు ఎక్కువ చేరి మిశ్రమం చిక్కబడుతుంది. చోక్ లాగడం గాలి తగ్గించి అదే పని చేస్తుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక బైకుల్లో దాదాపు అన్నిటికీ ఇంజెక్షనే. చలి ఎంతో సెన్సరు కొలిచి, పెట్రోలు ఎంత చల్లాలో కంప్యూటరే చూసుకుంటుంది. కాబట్టి వంచాల్సిన పని లేదు. చెయ్యాల్సింది ఒకటే: తాళం తిప్పాక పంపు 'జుయ్'మని ఆగేదాకా రెండు సెకన్లు ఓపిక పట్టడం.

అలాగే పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం కూడా పాత కాలపు మాటే. నిలబెట్టిన ఇంజిన్ వేడెక్కేది చాలా నెమ్మదిగా. ఈలోగా చిక్కటి పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. అర నిమిషం చాలు, ఆ తరువాత మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెత్తగా నడపాలి. ట్రాక్టర్, లారీలకు మాత్రం రెండు మూడు నిమిషాలు ఇవ్వండి. బ్రేకు గాలి నిండాలి, హైడ్రాలిక్ ఆయిల్ కదలాలి.

మీటర్ బోర్డు మీద చలికాలంలోనే కొత్తగా వెలిగే లైట్లకు ఎవరూ తలవని కారణం ఇంకోటుంది: ఎలుకలు. వరి కోతలయ్యాక పొలంలో తిండి, గూడు పోయిన ఎలుకలకు సాయంత్రం ఆపిన ఇంజిన్ వెచ్చటి ఇల్లు. సెన్సరు వైరు ఒక్కటి కొరికితే చాలు, ఇంజిన్ లైటు వెలుగుతుంది, మెకానిక్ సెన్సర్ల మీద సెన్సర్లు మారుస్తాడు. బీడీల జిల్లా కాబట్టి బానెట్ కింద పొగాకు మూట కట్టేవాళ్లూ మన దగ్గర ఉన్నారు. అది ఎంత పనిచేస్తుందో ఎలుకలకే తెలియాలి. రాత్రి బానెట్ తెరిచి ఉంచడం, గడ్డివాముకు దూరంగా నిలబెట్టడం మాత్రం పనిచేస్తాయి.

లారీ బ్యాటరీతో కారు లేపొద్దు

చివరగా, చలి పొద్దున రోడ్డు మీద నిజంగా ప్రాణాంతకం కాగల సంగతి. బండి లేవకపోతే ఎదురొచ్చిన లారీని ఆపి జంపర్ వైర్లు తగిలించడం మన దగ్గర మామూలే. భారీ లారీలకు, బస్సులకు రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి 24 వోల్టులు చేస్తారు. ఆ 24 వోల్టులు కారులోకి ఎక్కితే కంప్యూటర్లు మాడిపోతాయి, బ్యాటరీ పగిలి యాసిడ్ చిమ్మవచ్చు. ట్రాక్టర్, కారు, జీపు ఏదైనా 12 వోల్టులదైతేనే సాయం తీసుకోండి. ముందు ఎర్ర వైరు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస లేవని బండి ఇంజిన్ మీది ఉత్త ఇనుముకు. ఆ చివరి కొస దిగిపోయిన బ్యాటరీ టెర్మినల్ మీద పెట్టకూడదు. అక్కడ హైడ్రోజన్ చేరి ఉంటుంది, నిప్పురవ్వ పుట్టేది ఆఖరి కొస తగిలే చోటే. విప్పేటప్పుడు సరిగ్గా దీనికి వెనుక నుంచి ముందుకు.

వాలులో నిలబెట్టి, గేరు వేసి వదిలితే లేచే ట్రాక్టర్ పద్ధతి పాత బండ్లకు చెల్లుతుంది. కన్వర్టర్ ఉన్న పెట్రోలు కారును అలా తోయవద్దు. ఆటోమేటిక్ అయితే ఎంత తోసినా లేవదు.

రేపు పొద్దున బండి తీసేటప్పుడు సెల్ఫ్ కొట్టే ముందు మూడు సెకన్లు ఆగి, ఎర్ర నూనె డబ్బా వెలుగుతోందో లేదో చూడండి. వెలగకపోతే ఆ రోజే మెకానిక్ దగ్గరికి పోండి. బ్యాటరీకి మూడేళ్లు దాటితే మార్చి నెలలోనే ఒకసారి కొలిపించండి. డిసెంబరు దాకా ఆగకండి.